కారు కప్పుకు కొత్త బట్ట

అద్దంలో వెనక రోడ్డు కనిపించాలి. నాకు బూడిదరంగు బట్ట కనిపించింది. లబాసాలో డ్రైవింగ్ పరీక్ష పెట్టే ఆఫీసరు నా పక్క సీట్లో కూర్చుని, కారు కప్పు నుంచి వేలాడుతున్న ఆ బట్టను పెన్నుతో పైకెత్తి వదిలాడు. బట్ట వెనక నుంచి తుప్పురంగు పొడి రాలి అతని తెల్లచొక్కా భుజం మీద పడింది. అప్పటికి నేనింకా ఇంజను స్టార్టు చేయలేదు.

"పీఛే కుచ్ నై దేఖావే, సిస్టర్," అన్నాడు. వెనక ఏమీ కనబడదని నాకు మాత్రం తెలియదా? నర్సును కాబట్టి ఊరంతా నన్ను సిస్టర్ అనే పిలుస్తారు, ఆ మర్యాదకేం లోటు లేదు. వచ్చే శుక్రవారం రెండు గంటలకు కప్పు బాగుచేసుకుని రమ్మన్నాడు. ఆ మర్నాటి నుంచి నెల రోజులు సవుసవు వైపు పరీక్షలున్నాయట, లబాసాలో ఉండడట. భుజం దులుపుకుని దిగిపోయాడు.

నాకు నెల రోజుల వ్యవధి లేదు. డ్రెకేటి వైపు వరి పండించే ఊళ్ళు తిరిగే నర్సు పోస్టు ఖాళీగా ఉంది. సైనిక తిరుగుబాటు తర్వాత మా ఆసుపత్రిలో చాలామంది సిడ్నీకో ఆక్లండుకో వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళలో కారు నడిపేవాళ్ళు తక్కువ. శుక్రవారం తర్వాత వచ్చే సోమవారానికి లైసెన్సు చూపిస్తే ఆ పోస్టు నాది. చూపించకపోతే నా బదిలీ సముద్రం అవతల ఇంకో దీవిలో ఉన్న రాజధాని సువాకు. సువా అంటే నర్సుల హాస్టల్లో ఒక మంచం. మా అత్తను అక్కడ ఉండనివ్వరు. ఆవిడ లౌటోకాలో ఉన్న కూతురింటికి వెళ్ళాలి, బులిలేకాలోని మా రేకుల ఇంటికి తాళం వేయాలి.

మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. వరి పథకంలో ఫీల్డు పని చేసేవాడు. ఒక సోమవారం ఉదయం ఆఫీసు మోటారు సైకిలు మీద వెళ్తుంటే, వంతెన దగ్గర మలుపులో చెరకు లారీ గుద్దింది. ఇంట్లో అత్తా నేనూ మిగిలాం. తాతల కాలంలో ఇండియా నుంచి చెరకు తోటల కూలికి ఈ దీవులకు వచ్చిన తెలుగువాళ్ళం, రోజువారీ మాటలన్నీ హిందీలోనే. దేవుడి దగ్గరా, కోపం వచ్చినప్పుడూ మాత్రం తెలుగు. ఈ నాలుగేళ్ళలో మాట్లాడుకున్నదే తక్కువ కాబట్టి తెలుగు కూడా తక్కువే. ఆవిడ నన్ను ఏమీ అనేది కాదు. ఏదైనా అంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

కారు ఆయన కొన్నదే, సెకండ్ హ్యాండుది. ఆయన పోయాక షెడ్డులో అలాగే ఉండిపోయింది. మా వానలకూ ఉక్కకూ లోపల కప్పుకు అంటించిన బట్ట వెనకున్న స్పాంజి పుచ్చి పొడైపోయింది, బట్ట ఊడి కిందికి జారింది. నేను డ్రైవింగు నేర్చుకున్నన్ని రోజులూ దాన్ని గుండుసూదులతో పైకి గుచ్చి నడిపాను. పరీక్ష రోజు ఎండకు సూదులన్నీ వరసగా రాలాయి. నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

నాకు కారు నేర్పింది పక్కింటి కాకా. రిటైరైన బస్సు డ్రైవరు, గ్యారేజీలో బస్సు సీట్లు కుట్టిన చెయ్యి కూడా. కప్పు పలకను కిందికి దించి, పాత స్పాంజి అంతా గీకి, కొత్త బట్ట అంటించి మళ్ళీ ఎక్కించాలని చెప్పాడు. లబాసా కొట్లన్నీ తిరిగితే సోఫా బట్టలమ్మే చోట వెనక పల్చటి స్పాంజి ఉన్న బట్ట ఒక్క ముక్క దొరికింది. బూడిదరంగు, సన్నటి నిలువు చారలు. పలకకు సరిగ్గా సరిపోతుంది, బెత్తెడు కూడా మిగలదు. ఇంకో ముక్క కావాలంటే సువా నుంచి ఓడలో రావాలన్నాడు కొట్టువాడు.

వారమంతా నాకు డ్యూటీలు. దొరికింది శుక్రవారం ఉదయమే. ఏడింటికి కాకా వచ్చాడు. ఎండ పడకుండా పెట్టే రెక్కలు, పట్టుకునే పిడులు, లోపలి లైటు, తలుపుల చుట్టూ రబ్బరు అన్నీ ఒక్కొక్కటే విప్పి, సీటు వెనక్కి వాల్చి, పలకను వెనక తలుపులోంచి మెల్లగా బయటికి లాగాం. అది అట్టలా వంగుతుంది, గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది. దాన్ని వరండాలో రెండు బల్లల మీద వెల్లకిలా పెట్టాం. కాకా జిగురు డబ్బా నా చేతికిచ్చి మూడు ముక్కలు చెప్పాడు. పలకకూ బట్టకూ రెండింటికీ పూయాలి. పది నిమిషాలు ఆరనివ్వాలి, పావుగంట దాటనివ్వకూడదు. ఒకసారి తగిలాక మళ్ళీ ఊడదు, లాగితే స్పాంజి పలకకు ఉండిపోయి ఉత్త బట్ట చేతికొస్తుంది. ఆ పైన, పెళ్ళిమాటలకు వెళ్ళాలి, ఒంటిగంటకు వస్తానని వెళ్ళిపోయాడు.

పాత స్పాంజి గీకడానికి గంట చాలనుకున్నాను. రెండున్నర గంటలు పట్టింది. బట్టలుతికే బ్రష్షుతో రుద్దుతుంటే తుప్పురంగు జిడ్డు వేళ్ళకు పట్టుకుంది, ముక్కుకు కట్టుకున్న రుమాలులోంచి కూడా ఘాటు వచ్చింది. అత్త వంటింటి గడపలో నిలబడి చూస్తూ ఉంది. సాయం చేయమని నేను అడగలేదు, చేస్తానని ఆవిడా అనలేదు. వారమంతా ఈ కారు విషయంలో ఆవిడ ముఖం అలాగే ఉంది. కొడుకు కారును కోడలు నడపడం ఇష్టం లేదేమో, అందుకే ఈ బిగింపు అని నేను లోపల లోపల ఉడికిపోతున్నాను.

బట్టను పలక మీద చారలు సరిచూసుకుని పరిచి, సగం వెనక్కి మడిచాను. బయటపడ్డ సగం పలకకూ, మడిచిన సగం బట్ట వెనకా జిగురు పూశాను. వరండా గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. అప్పుడు అత్త గడప దాటి వచ్చింది.

"ఇప్పుడు లగాయించకు అమ్మీ," అంది. "పదిన్నర నుంచి రాహుకాలం. పన్నెండు దాకా."

గుడివాళ్ళు ఏటా ఇచ్చే క్యాలెండరు వంటింట్లో వేలాడుతుంది. ఆవిడ పొయ్యి వెలిగించేది, విత్తనం వేసేది, ఉత్తరం పోస్టు చేసేది అంతా దాన్ని చూసే.

"అది ఇండియాలో అచ్చేసిన క్యాలెండరు అత్తా. అక్కడ ఇప్పుడు తెల్లారనేలేదు. మన రాహువు ఏ గడియారం చూస్తాడు?"

ఇంకో రోజైతే ఆవిడ కాస్త నవ్వేదేమో. ఆ రోజు నవ్వలేదు. "పన్నెండు దాకా ఆగలేవా?"

"ఆగితే జిగురు పనికిరాదు. ఇంకో డబ్బా లేదు. పన్నెండుకు మొదలుపెడితే రెండింటికి లబాసాలో ఎలా ఉంటాను?"

జిగురు ఆరడానికి పది నిమిషాలు కావాలి, చేతులు జిగటగా ఉన్నాయి, ఆ చేతులతో బట్ట ముట్టుకుంటే మరకలే. పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళి కిరసనాయిలుతో తుడిచి, సబ్బుతో కడిగాను. అటూ ఇటూ ఐదారు నిమిషాలు పట్టి ఉంటుంది.

తిరిగి వచ్చేసరికి అత్త పలక మీదికి వంగి ఉంది. మడిచిన బట్ట మూల ఒకటి లాగి, రెండు బొటనవేళ్ళతో పలక చివర గట్టిగా అదుముతోంది. ఆవిడ వేళ్ళ పక్కన అరచేయంత మేర అంటుకుపోయింది. మూల రెండు వేళ్ళ మందం బయటికి జారి, వంకరగా అంటుకుంది. దాని నుంచి బట్ట మధ్యకు ఏటవాలుగా ఒక ముడత లేచింది.

పరుగెత్తి ఆ మూల పట్టుకుని లాగబోయాను. గోటి మందం లేచేసరికి స్పాంజి పలకకే ఉండిపోయింది, బట్ట మీద బోడి మచ్చ కనిపించింది. వదిలేశాను. ముక్క ఒక్కటే. శుక్రవారం ఒక్కటే.

"ఏం చేశావత్తా?" అని అరిచాను. ఆవిడను ఏకవచనంలో అదే మొదటిసారి అనడం. "ఏం చేశావు నువ్వు? ఇది మళ్ళీ ఊడదు! తెలుసా నీకు?"

"పదిన్నర కాలేదింకా," అంది ఆవిడ గడియారం చూపిస్తూ. "రెండు మినిట్లు ఉంది. ముందే మొదలెట్టేస్తే దోషం లేదు. మిగతాది రాహుకాలంలో చేసినా పర్వాలేదు. అందుకే నేనే మొదలెట్టినాను."

అప్పుడు నా నోరు జారింది. జారిందని ఇప్పుడు అంటున్నాను కానీ, నాలుగేళ్ళుగా ఆ మాట నాలుక చివరే ఉంది. "ఇన్ని మంచి గంటలు చూస్తావు కదా! నీ కొడుకుని ఏ మంచి గంట చూసి పంపావు?"

అనగానే చచ్చిపోవాలనిపించింది. ఆవిడ రెండు అడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పొడి కళ్ళతో నన్ను చూసింది.

"చూసే పంపినాను," అంది. "ఎనిమిదిన్నరకు బయల్దేరబోయినాడు. సోమవారం తొమ్మిది దాకా బాగలేదు. 'తనీ ఠహర్ బేటా' అన్నాను. నా మాట కాదనలేక ఆగినాడు. అరగంట ఆపినాను. ముందే పోయుంటే ఆ లారీ రాకముందే వంతెన దాటేవాడు. ఆపింది నేనే."

నాకు ఆ సంగతి తెలియదు. ఆ ఉదయం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆయన అరగంట సేపు షెడ్డు దగ్గర మోటారు సైకిలు తుడుస్తూ ఉంటే, దాని మీదున్న మోజు కొద్దీ ఆలస్యం చేస్తున్నాడని విసుక్కున్నాను కూడా. ఆ ఉదయం గురించి నేను ఆవిడకు చెప్పనిదీ ఒకటుంది. ఆయన తొమ్మిదింటికి బయల్దేరి గేటు దాటాక, టిఫిన్ డబ్బా మర్చిపోయాడని నేను వెనక నుంచి కేకేసి పిలిచాను. బయటికెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదని మా ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. ఆయన బండి తిప్పుకుని వచ్చి, డబ్బా తీసుకుని, నవ్వి, మళ్ళీ వెళ్ళాడు. నర్సునైన నేను అలాంటివి నమ్మను. కానీ ఆ డబ్బాకు పట్టిన మూడు నిమిషాలు నమ్మనంత మాత్రాన పోయేవి కావు. ఇప్పుడు చెప్పాల్సింది నేనే. చెప్పకుండా జిగురు డబ్బా మూత బిగించాను.

"మళ్ళీ ఇంకొకళ్ళని ఆపకూడదనుకున్నాను," అంది అత్త. "నిన్ను ఆగమంటే నీ పరీక్ష పోతాది. ఆగొద్దంటే నాకు భయం. అందుకే రెండు మినిట్లు ముందే లగాయించేసినాను. ఇట్లా అవుతాదని నాకేం తెలుసు?"

నాలుగేళ్ళుగా మా మధ్య ఉన్న మౌనాన్ని నేను కోపం అనుకున్నాను. అదేమిటో అప్పుడు అర్థమైంది. ఆవిడ దగ్గరికి వెళ్ళాలనిపించింది. కానీ ఆవిడ చూపు పలక మీదికి వెళ్ళింది.

"ఆరిపోతా ఉంది," అంది. "చెప్పు, ఏం చెయ్యాలి?"

పలక మీది జిగురుకు వేలు ఆనించి చూశాను. అంటీ అంటకుండా ఉంది. ఇంకో నాలుగైదు నిమిషాలు. మధ్య నుంచి అంచులకు తోసుకుంటూ పోవాలని కాకా చెప్పాడు. మధ్య నుంచి మొదలుపెడితే ఆ వంకర మూల దగ్గర ముడత పడి తీరుతుంది. ఆ మూలను కదిలించే వీలు లేదు. ఇక ఆ మూల నుంచే మొదలుపెట్టి, బట్టంతా దాని దారినే పోనివ్వాలి. చారలు ఏటవాలుగా పడతాయి, ఎదుటి అంచు తక్కువవుతుంది. ముడత మాత్రం ఉండదు. ఆఫీసరుకు కావలసింది అద్దంలో రోడ్డు. చారలు చూడ్డానికి రాడు కదా.

"మీరు ఆ అంచు రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకోండి," అన్నాను. నా నోట మళ్ళీ మీరు వచ్చింది. "జిగురుకు తగలనివ్వకండి. నేను రమ్మన్నప్పుడు కొద్దికొద్దిగా దించండి."

ఆవిడ చీర కొంగు బొడ్లో దోపుకుని బట్ట అంచు ఎత్తి పట్టుకుంది. అరవై దాటిన మనిషి. చేతులు భుజాల పైకి ఎత్తి ఉంచాలి. నేను మూల నుంచి అరచేత్తో తోసుకుంటూ వచ్చాను. ఒక్క బెత్తెడు. "దించండి." ఇంకో బెత్తెడు. "ఆగండి, ఆగండి." బట్ట లోపలికి వంగి జిగురుకు తగలబోయింది, ఆవిడ మునివేళ్ళ మీద లేచి పైకి లాగింది. లైటు పెట్టే గుంట దగ్గర బట్ట పలకలోకి దిగాలి, అక్కడ వేళ్ళతో చిన్నగా నొక్కితే కానీ దిగదు. చెమట కళ్ళల్లోకి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆవిడ మోచేతులు వణకడం కనిపిస్తోంది, దించమని చెప్పలేను.

మొదటి సగం అంటింది. ముడత లేదు. రెండో సగం మడిచి, జిగురు పూసి, మళ్ళీ పది నిమిషాలు నిలబడ్డాం. ఆ పది నిమిషాలూ ఆవిడ గడియారం వైపు చూడలేదు, బట్ట వైపే చూసింది. రాహుకాలం మధ్యలో రెండో సగం కూడా అంటించాం. ఎదుటి అంచు చిటికెన వేలంత తక్కువైంది. మూల దగ్గర మిగిలిన పీలికను కత్తిరించి అక్కడ అతికించాను. తలుపు రబ్బరు ఎక్కితే అది కనబడదు.

పన్నెండున్నరకే కాకా వచ్చి చారలు చూసి తల గోక్కున్నాడు. ముగ్గురం పలకను మళ్ళీ కారులోకి ఎక్కించాం. ఒక పిడి మర దొరకలేదు, పిడి వదిలేశాం. ఒంటిగంటా ఇరవైకి నేను స్టీరింగు ముందు కూర్చున్నాను, కాకా నా పక్కన. అన్నం తినలేదు. అత్త గేటు తీసి పట్టుకుంది. ఏమైనా అంటుందేమోనని చూశాను. "పో," అంది.

ఆఫీసరు ముందు అద్దం చూశాడు. తర్వాత కప్పు చూశాడు. చెయ్యెత్తి గట్టిగా నొక్కాడు. బట్ట కదల్లేదు. "చలో," అన్నాడు. బజారు చుట్టూ, టౌను వంతెన మీదుగా, మిల్లు గేటు ముందు లారీల వరస పక్కన వెనక్కి నడిపించి మరీ ఆపించాడు. వెనక్కి వస్తున్నంతసేపూ అద్దంలో రోడ్డంతా కనబడింది. దిగేటప్పుడు కాగితం మీద సంతకం పెట్టి, పైకి చూసి, "లైన్ టేఢా హై, సిస్టర్. బాకీ సీధా చలాయా," అన్నాడు. చారలు వంకరైనా కారు మాత్రం తిన్నగా నడిపావని. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంటికి వచ్చేసరికి నాలుగు. కాకా కాగితం గాల్లో ఊపుతూ దిగి, ఈ పూట అందరికీ మత్తునిచ్చే యాంగోనా తాగించేది తనేనని చెప్పి వాళ్ళింటికి వెళ్ళాడు. అత్త కాగితం చేతిలోకి తీసుకుని, ఇంగ్లీషు రాక తలకిందులుగా పట్టుకుని, చాలాసేపు చూసింది. డ్రెకేటి పోస్టు సంగతి, ఇల్లు మూయక్కర్లేదన్న సంగతి చెప్పాను. తల ఊపింది. కాగితం నాకిచ్చి, కారు తలుపు తానే తీసి ముందు సీట్లో కూర్చుంది. నాలుగేళ్ళలో ఆవిడ బస్సు తప్ప ఏదీ ఎక్కలేదు.

"ఎక్కడికత్తా?"

"వాడు పోయిన చోటికి," అంది. "నేను చూడలేదు. ఎవరూ తీసుకుపోలేదు."

తీసుకుపోవాల్సింది నేనే. ఆ మలుపు తప్పించుకోవడానికి నేను కూడా ఆసుపత్రికి చుట్టూ తిరిగి వెళ్ళే బస్సు ఎక్కేదాన్ని. పదిహేను నిమిషాల్లో అక్కడికి చేరాం. వంతెన ముందు రోడ్డు పక్కన ఆపాను. అటూ ఇటూ మనిషెత్తు చెరకు. ఆవిడ దిగలేదు. కిటికీ అద్దం దించి బయటికి చూస్తూ, "ఇంత చిన్న చోటా?" అంది.

ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేనని నాకు తెలుసు. స్టీరింగు వదలకుండా, ఆవిడ వైపు చూడకుండా చెప్పాను. "అత్తా, ఆ రోజు మీరు ఆపిన అరగంట ఒక్కటే కాదు. గేటు దాటాక నేను వెనక నుంచి పిలిచాను. టిఫిన్ డబ్బా కోసం. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళాడు. ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు."

"నాకు మాలూమ్," అంది అత్త.

నేను తిరిగి చూశాను.

"వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాను గదా. నీ కేక విన్నాను. వాడు నవ్వటం కూడా విన్నాను."

"మరి నాలుగేళ్ళు ఒక్క మాట అనలేదేం? ఆ ఉదయం ఏం జరిగిందని ఊరందరూ మిమ్మల్ని అడిగారు కదా. నేను పిలిచానని ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ అద్దం సగం పైకెత్తి, మళ్ళీ దించింది.

"నాకు ఎట్లాగూ నిద్దర లేదు," అంది. "ఇద్దరికీ ఎందుకు?"